పి0171 కోడ్, ఘాట్ ఎక్కేటప్పుడు బండి లాగడం లేదు: ఆక్సిజన్ సెన్సర్ మార్చాలా?

శేషాచలం_డ్రైవర్:

అందరికీ నమస్కారం. మాది 2014 మోడల్ 1.2 లీటర్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, మాన్యువల్ గేరు, గ్యాస్ కిట్ లాంటివేమీ పెట్టించలేదు. తిరుపతి ఊళ్లో తిరిగినంతసేపూ బండి బాగానే ఉంటుంది, ఐడిలింగ్ కూడా స్మూత్‌గానే ఉంది, కానీ ఇంట్లో నలుగురం కూర్చుని ఏసీ వేసుకుని తిరుమల ఘాట్ ఎక్కుతుంటే మాత్రం సెకండ్ గేరులో కూడా లాగదు, యాక్సిలరేటర్ తొక్కిన కొద్దీ ఇంకా నీరసపడిపోతుంది. పోయిన నెల అలా ఎక్కుతున్నప్పుడే చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది. వెలిగి అలాగే ఉండిపోయింది, బ్లింక్ అవడం లేదు.

దగ్గర్లో ఉన్న గ్యారేజ్‌లో స్కానర్ పెట్టి పి0171 అని చూపించారు. మిశ్రమం లీన్ (గాలికి తగినంత పెట్రోల్ లేదు) అని వస్తోంది కాబట్టి ఆక్సిజన్ సెన్సర్ పోయింది, మార్చేద్దాం, దాంతో తగ్గకపోతే ఈసీఎం (ఇంజిన్ కంప్యూటర్) చూడాలి అన్నారు. సెన్సర్‌కే ఆరు వేల పైన చెప్పారు, ఇక ఈసీఎం అనే మాట వింటేనే టెన్షన్. అందుకే కొంచెం ఆగుదామని ఒక బ్లూటూత్ ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్‌లోని కోడ్‌లు చదివేది) కొనుక్కుని ఫోన్‌లో యాప్ వేసుకున్నాను, నాకూ అదే కోడ్ కనిపించింది. కోడ్ డిలీట్ చేసే బటన్ ఉంది కానీ ఇంకా నొక్కలేదు. కోడ్ కాకుండా అంకెలు చాలా వస్తున్నాయి, వాటిలో ఏది చూడాలో, ఎంత ఉంటే మంచిదో తెలియడం లేదు. సెన్సర్ మార్పించేయమంటారా, లేక ముందు నేను చూసుకోగలిగింది ఏమైనా ఉందా?

నెల్లూరు_పెట్రోల్:

బ్రదర్, ఎయిర్ ఫిల్టర్ మార్చి, ఇంజెక్టర్ క్లీనర్ ఒక బాటిల్ ట్యాంకులో పోసి వంద కిలోమీటర్లు తిప్పి చూడండి. మా ఫ్రెండ్ బండికి దాంతోనే తగ్గింది. సెన్సర్ అయితే వెంటనే కొనొద్దు.

మల్టీమీటర్:

తమ్ముడూ, డిలీట్ బటన్ నొక్కకపోవడం చాలా మంచి పని చేశావు, ఇంకా నొక్కకు. కోడ్ పడిన ఆ క్షణంలో ఇంజిన్ ఎలా ఉందో ఈసీఎం ఒక్కసారి రాసి పెట్టుకుంటుంది, యాప్‌లో ఫ్రీజ్ ఫ్రేమ్ అని ఉంటుంది చూడు, అందులో స్పీడు, ఆర్‌పీఎం, ఇంజిన్ లోడ్, కూలెంట్ వేడి, ఫ్యూయల్ ట్రిమ్ అన్నీ ఉంటాయి. డిలీట్ కొడితే కోడ్‌తో పాటు అదీ పోతుంది, ఈసీఎం ఇన్నాళ్లూ నేర్చుకున్న లాంగ్ టర్మ్ ట్రిమ్ కూడా చాలా బండ్లలో సున్నాకి వచ్చేస్తుంది. గ్యారేజ్‌కి వెళ్లగానే ముందు కోడ్ క్లియర్ చేసేవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధ వేస్తుంది, ఉన్న ఒక్క సాక్ష్యాన్ని తుడిచేసి తర్వాత ఊహల మీద పార్టులు మారుస్తారు.

ఇప్పుడు పి0171 సంగతి. పి అంటే ఇంజిన్, గేర్‌బాక్స్ వైపు కోడ్, దాని తర్వాత 0 ఉంటే అన్ని కంపెనీలకీ ఒకటే అర్థం, 1 ఉంటే ఆ కంపెనీ సొంత కోడ్, పి0171లో సున్నా తర్వాతి 1 ఇంధనం, గాలి కొలతకు సంబంధించినది అని. పి0171 చెప్పేది ఒక్కటే: మొదటి బ్యాంక్‌లో (సిలిండర్ల వరుసలో) మిశ్రమం లీన్‌గా ఉంది, నేను పెట్రోల్ పెంచి పెంచి నా హద్దు దాకా వచ్చేశాను అని. ఇందులో సెన్సర్ పోయిందన్న మాట ఎక్కడా లేదు. ఆక్సిజన్ సెన్సర్ సర్క్యూట్‌లో లోపం ఉంటే సాధారణంగా పి0130 నుంచి పి0135 మధ్య కోడ్ వస్తుంది. లీన్ అని చెప్పిన సెన్సర్‌నే పీకేయడం జ్వరం చూపించిన థర్మామీటర్‌ని మార్చడం లాంటిది. సెన్సర్ అబద్ధం చెప్పే అవకాశం అసలు లేదని కాదు, కానీ అది పరీక్ష చేసి తేల్చుకోవచ్చు, డబ్బు ఖర్చు లేదు.

ట్రిమ్ గురించి ఒకసారి బాగా అర్థం చేసుకుంటే మిగతావన్నీ తేలికవుతాయి కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను. ఇంత గాలికి ఇంత పెట్రోల్ అని ఈసీఎంలో ముందే లెక్క ఉంటుంది. పొగ గొట్టంలో ఉన్న ఆక్సిజన్ సెన్సర్ ఆ లెక్క సరిపోయిందో లేదో చెబుతుంది, ఆక్సిజన్ ఎక్కువ మిగిలితే లీన్ అని తక్కువ వోల్టు, మిగలకపోతే రిచ్ (పెట్రోల్ ఎక్కువ) అని ఎక్కువ వోల్టు. అది చూసి అప్పటికప్పుడు చేసే సవరణ షార్ట్ టర్మ్ ట్రిమ్. ఆ సవరణ అదే పనిగా ఒకే వైపు ఉంటే దాన్ని పక్కా లెక్కగా మార్చుకోవడం లాంగ్ టర్మ్ ట్రిమ్. రెండూ కలిపి చూడాలి. ప్లస్ అంటే పెట్రోల్ కలుపుతోంది, మైనస్ అంటే తగ్గిస్తోంది. కలిపి ప్లస్ మైనస్ 5 శాతం లోపల ఉంటే హాయిగా ఉండొచ్చు, 10 దాటితే కారణం వెతకాలి, 20, 25 దగ్గర ఈ కోడ్ పడుతుంది.

ఎంత ఉందన్న దానికంటే ఎప్పుడు పెరుగుతోందన్నది ముఖ్యం. అందుకే ఇవి చూసి ఇక్కడ రాయి. మొదట ఫ్రీజ్ ఫ్రేమ్ మొత్తం. తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ చేసి మ్యాప్ సెన్సర్ రీడింగ్, అంటే ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ ప్రెజర్, కిలోపాస్కల్‌లో ఎంత ఉందో. ఇంజిన్ బాగా వేడెక్కాక ఏసీ ఆపి ఐడిలింగ్‌లో అదే రీడింగ్, రెండు ట్రిమ్‌లు. తర్వాత బండి నిలిపి ఉంచి 2500 ఆర్‌పీఎం దగ్గర అర నిమిషం పట్టుకుని మళ్లీ ట్రిమ్‌లు. చివరగా ఘాట్‌లో, కానీ నువ్వు డ్రైవ్ చేస్తూ ఫోన్ చూడొద్దు, పక్కన ఎవరైనా కూర్చుని చూడాలి, లేదంటే యాప్‌లో రికార్డింగ్ పెట్టుకో, ఇంటికొచ్చాక గ్రాఫ్ చూసుకోవచ్చు.

యాప్‌లో మాఫ్ (లోపలికి వెళ్లే గాలిని కొలిచే సెన్సర్) అని రీడింగ్ వస్తోందా, మ్యాప్ ఒక్కటే వస్తోందా అది కూడా చెప్పు, దాన్ని బట్టి దారి మారిపోతుంది.

నెల్లూరు_పెట్రోల్ గారూ, ఇంజెక్టర్ క్లీనర్ వల్ల నష్టం లేదు, కానీ ఇప్పుడే పోస్తే రీడింగులు మారి ఏది దేనివల్లో తెలియదు. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోతే బండి పికప్ తగ్గుతుంది నిజమే, అయితే గాలి తగ్గితే సెన్సర్‌కీ తక్కువే కనిపిస్తుంది కాబట్టి ఈసీఎం పెట్రోల్ కూడా తగ్గించుకుంటుంది, లీన్ కోడ్ దానివల్ల రాదు.

కూకట్‌పల్లి_కార్స్:

మధ్యలో ఒక చిన్న ప్రశ్న, మా నాన్నగారి కారు 2008 మోడల్, దానికి కూడా ఈ బ్లూటూత్ స్కానర్ పనిచేస్తుందా? డాష్‌బోర్డ్ కింద సాకెట్ అయితే ఉంది.

మల్టీమీటర్:

సాకెట్ ఉన్నంత మాత్రాన పనిచేస్తుందని చెప్పలేమండీ. మన దేశంలో కార్లకు ఓబీడీ2 తప్పనిసరి అయింది 2013 ఏప్రిల్ నుంచి, అమెరికాలో అయితే 1996 మోడల్ నుంచే ఉంది. అంతకు ముందు బండ్లలో 16 పిన్నుల సాకెట్ ఉన్నా లోపల కంపెనీ సొంత భాష మాట్లాడేవి చాలా ఉన్నాయి, వాటికి ఆ కంపెనీ స్కానర్ కానీ, అన్ని బ్రాండ్లూ చదివే పెద్ద స్కానర్ కానీ కావాలి. పెట్టి చూడండి, కనెక్ట్ అయితే సరే. ఆ సాకెట్‌లో 16వ పిన్నుకి తాళం తీసేసినా బ్యాటరీ కరెంటు వస్తూనే ఉంటుంది, కాబట్టి స్కానర్‌ని అలాగే వదిలేసి వారాల తరబడి బండి పక్కన పెట్టకండి, బ్యాటరీ దిగిపోతుంది. మరీ చవకగా దొరికే ఈఎల్ఎం327 (ఈ స్కానర్లలో ఉండే చిప్) నకళ్లలో కొన్ని కమాండ్లు అసలు పనిచేయవు, కోడ్ చదువుతాయి కానీ ఫ్రీజ్ ఫ్రేమ్ అడిగితే ఏమీ చూపించవు, లేదంటే రీడింగులు మరీ నిదానంగా వస్తాయి.

డల్లాస్_తెలుగు:

మల్టీమీటర్ గారు డిలీట్ గురించి చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. మేముండే డల్లాస్ కౌంటీలో బండి రిజిస్ట్రేషన్‌కి ఎమిషన్ టెస్ట్ ఉంటుంది, 2025 నుంచి టెక్సాస్‌లో మామూలు కార్లకు సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు కానీ ఇలాంటి పెద్ద కౌంటీల్లో ఎమిషన్ టెస్ట్ మాత్రం అలాగే ఉంచారు. కొత్తగా వచ్చిన మనవాళ్లు పాత కారు కొనుక్కుని, లైటు వెలిగితే టెస్టుకు ముందు రోజు కోడ్ క్లియర్ చేసి వెళ్తారు, అక్కడ ఓబీడీకి కనెక్ట్ చేసి రెడీనెస్ మానిటర్లు పూర్తి కాలేదని వెనక్కి పంపేస్తారు. క్యాటలిస్ట్ (పొగను శుభ్రం చేసేది), ఆక్సిజన్ సెన్సర్, ఈవ్యాప్ (ట్యాంకులోని పెట్రోల్ ఆవిరి బయటికి పోకుండా ఆపేది) లాంటి వాటిని ఈసీఎం తనంతట తాను పరీక్షించుకోవాలి, కోడ్ క్లియర్ చేయగానే అవన్నీ మొదటికి వస్తాయి, మళ్లీ పూర్తి కావాలంటే చల్లటి ఇంజిన్ నుంచి మొదలుపెట్టి సిటీలో, హైవే మీద కొన్నాళ్లు నడపాలి.

ఇంకో మాట, పాత కారు కొనేటప్పుడు కూడా ఇదే చూడండి. లైటు లేదు, కోడ్ లేదు, కానీ మానిటర్లు సగం రెడీగా లేవు అంటే ఎవరో మొన్నే తుడిచారని అనుమానించాలి, లేదా బ్యాటరీ తీసి పెట్టి ఉండాలి. ఇండియాలో బండి కొన్నా ఇది పనికొస్తుంది, ఫోన్ యాప్‌లో ఉచితంగా చూసుకోవచ్చు.

శేషాచలం_డ్రైవర్:

అన్నా, మీరు చెప్పినవన్నీ చూశాను. ఘాట్‌లో మా చెల్లి పక్కన కూర్చుని రికార్డింగ్ పెట్టింది.

ఫ్రీజ్ ఫ్రేమ్: ఆర్‌పీఎం 2950, స్పీడు 38, లోడ్ 82 శాతం, కూలెంట్ 92 డిగ్రీలు, షార్ట్ టర్మ్ +9, లాంగ్ టర్మ్ +17, ఫ్యూయల్ సిస్టమ్ క్లోజ్డ్ లూప్ అని ఉంది.

తాళం మాత్రం ఆన్ చేస్తే మ్యాప్ 99. పైన తిరుమలలో పార్కింగ్‌లో ఆపి చూస్తే 92 చూపించింది, ఇది సెన్సర్ తేడానా? ఐడిలింగ్‌లో ఏసీ లేకుండా 33, ఆర్‌పీఎం 750. మాఫ్ దగ్గర ఏమీ రావడం లేదు, మ్యాప్ ఒక్కటే.

ట్రిమ్‌లు రెండూ కలిపి ఐడిలింగ్‌లో +8, నిలబెట్టి 2500 దగ్గర +11, ఘాట్‌లో ఎక్కుతున్నప్పుడు +22 నుంచి +26. దిగేటప్పుడు వింతగా ఉంది, యాక్సిలరేటర్ వదిలేస్తే ఆక్సిజన్ సెన్సర్ వోల్టేజ్ 0.05 దాకా పడిపోతోంది. ఐడిలింగ్‌లో 0.1కీ 0.8కీ మధ్య పైకీ కిందికీ తిరుగుతూ ఉంటుంది. ఎక్కేటప్పుడు మాత్రం చాలాసేపు 0.15 దగ్గరే ఉండిపోతుంది.

మల్టీమీటర్:

చాలా శ్రద్ధగా చూశావు తమ్ముడూ, మీ చెల్లికి కూడా థ్యాంక్స్ చెప్పు. ఇంత సమాచారం ఉంటే సగం పని అయిపోయినట్టే.

మ్యాప్ సెన్సర్ బాగుంది. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు అది బయటి గాలి ఒత్తిడినే చూపిస్తుంది, సముద్రమట్టం దగ్గర 101, తిరుపతిలో 99 సరిగ్గా ఉంది, తిరుమల సుమారు 850 మీటర్ల ఎత్తు కాబట్టి 91, 92 రావాల్సిందే. హైదరాబాద్‌లో మాకు 95 వస్తుంది. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు, రెండు ఎత్తుల్లో సరైన విలువ చూపించిన సెన్సర్‌ని అనుమానించక్కర్లేదు.

ఆక్సిజన్ సెన్సర్ కూడా బాగుంది, ఇది నువ్వే రుజువు చేశావు. దిగేటప్పుడు యాక్సిలరేటర్ వదిలితే ఈసీఎం ఇంజెక్టర్లు ఆపేస్తుంది, గొట్టంలోకి వెళ్లేది ఉత్త గాలే, అప్పుడు 0.1 కంటే కిందికి రావాలి, వచ్చింది. ఐడిలింగ్‌లో 0.8 దాకా వెళ్తోంది కాబట్టి రిచ్ కూడా చూపించగలుగుతోంది. ఇంకా నమ్మకం కావాలంటే నిలబెట్టి ఉన్నప్పుడు ఒక్కసారి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కి వదులు, 0.85 దాకా ఎగబాకాలి. ఈ సెన్సర్‌ని మార్చితే ఆరు వేలు పోవడం తప్ప ఘాట్‌లో ఏమీ మారదు. ఒక్క మినహాయింపు: సెన్సర్‌కి ముందు ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ దగ్గర పగులు కానీ, గ్యాస్కెట్ లీకు కానీ ఉంటే బయటి గాలి లోపలికి పీల్చుకుని లీన్ అని తప్పుగా కనిపిస్తుంది. అది ఎక్కువగా ఐడిలింగ్‌లో, తక్కువ లోడ్‌లో కనిపిస్తుంది, నీకు దానికి ఎదురుగా ఉంది. అయినా పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి బానెట్ తీసి టిక్ టిక్ శబ్దం ఉందేమో ఒకసారి విను.

ఇక వ్యాక్యూమ్ లీక్. నెట్‌లో పి0171 అని వెతికితే పదిలో తొమ్మిది చోట్ల ముందు వ్యాక్యూమ్ పైపులు చూడమంటారు. అది మాఫ్ సెన్సర్ ఉన్న బండ్లకి సరైన సలహా, ఎందుకంటే మాఫ్ తన గుండా వెళ్లిన గాలినే కొలుస్తుంది, దాని తర్వాత పగిలిన పైపులోంచి దూరిన గాలి లెక్కలోకి రాదు, ఐడిలింగ్‌లో ట్రిమ్ బాగా పెరిగి 2500 దగ్గర తగ్గిపోతుంది. నీ బండిలో మ్యాప్ ఉంది, మన దగ్గర చిన్న పెట్రోల్ కార్లలో చాలావరకూ ఇదే. మ్యానిఫోల్డ్ లోపల ఎంత గాలి ఉందో ఒత్తిడిని బట్టి లెక్క కడుతుంది కాబట్టి దొంగదారిన వచ్చిన గాలి కూడా చాలావరకూ లెక్కలోకి వస్తుంది, దానికి తగ్గ పెట్రోల్ కూడా పడుతుంది. లీక్ ఉంటే ట్రిమ్ కంటే ముందు ఐడిలింగ్ ఆర్‌పీఎం, మ్యాప్ రీడింగ్ పెరిగి కనిపిస్తాయి. నీకు 33 దగ్గర, 750 దగ్గర నిలకడగా ఉంది. వ్యాక్యూమ్ లీక్ కాదు.

మిగిలింది పెట్రోల్ చేరడం. ఐడిలింగ్‌లో పెట్రోల్ అవసరం చాలా తక్కువ, అప్పుడు +8తో నెట్టుకొస్తోంది, అవసరం పెరిగిన కొద్దీ ట్రిమ్ పెరిగి ఘాట్‌లో చాలడం లేదు. పంపు బలహీనపడి ఉండొచ్చు, ట్యాంకులో పంపు కింద ఉండే జల్లెడ కానీ ఫిల్టర్ కానీ మూసుకుపోయి ఉండొచ్చు, ప్రెజర్ రెగ్యులేటర్ కావచ్చు, పంపుకి వెళ్లే కరెంటే తక్కువ కావచ్చు. ఇంజెక్టర్లు కూడా ఉన్నాయి కానీ అవి మూసుకుపోతే సాధారణంగా ఐడిలింగ్‌లో కూడా వణుకు, మిస్సింగ్ (ఏదో ఒక సిలిండర్ సరిగ్గా మండకపోవడం) కనిపిస్తాయి.

ఇక్కడి నుంచి స్కానర్ పని అయిపోయింది. నీ బండిలో ఫ్యూయల్ ప్రెజర్ సెన్సర్ ఉండదు, స్కానర్‌లో ఆ అంకె రాదు. ప్రెజర్ గేజ్ ఉన్న మెకానిక్ దగ్గరికి వెళ్లి రైలుకి (ఇంజెక్టర్లకు పెట్రోల్ పంచే గొట్టానికి) వచ్చే పైపులో టీ (మూడు దారుల జాయింట్) పెట్టించి చూడాలి. దయచేసి ఇంట్లో చేయకు, ఆ పైపులో పెట్రోల్ మూడు, నాలుగు బార్ ఒత్తిడితో ఉంటుంది, వేడి ఇంజిన్ మీద చిమ్మితే అంటుకుంటుంది. పంపు ఫ్యూజ్ తీసి ఇంజిన్ ఆగిపోయేదాకా తిప్పి ఒత్తిడి దించాకే పైపు విప్పాలి, బండి చల్లారి ఉండాలి, పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉండాలి. మీ బండి సర్వీస్ మాన్యువల్‌లో ఎంత ప్రెజర్ ఉండాలో రాసి ఉంటుంది, దాంతో పోల్చమను. ఐడిలింగ్‌లో చూసి బాగుందని వదిలేయనివ్వొద్దు, గేజ్ అద్దానికి టేపు వేసి కట్టి లోడ్ మీద నడిపించి చూడాలి, నీ జబ్బు అక్కడే కదా కనిపించేది.

ప్రెజర్ తక్కువ అని తేలితే వెంటనే పంపు కొనేయకండి. ముందు మీటర్ తీసుకుని ఇంజిన్ నడుస్తుండగా పంపు కప్లర్ (వైర్లు కలిసే ప్లగ్) దగ్గర వోల్టేజ్ చూడాలి. చాలామంది వదిలేసేది ఈ ఒక్క పరీక్షే.

వరంగల్_టెక్:

ఆ ఐడిలింగ్ +8 గురించి నేను ఒక మాట కలుపుతాను. అందులో చాలా భాగం పెట్రోల్ వల్లే అయి ఉంటుంది. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్. శుద్ధ పెట్రోల్ ఒక కిలో పూర్తిగా మండడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 కిలోలు చాలు, ఎందుకంటే దానిలోనే ఆక్సిజన్ ఉంది. ఈ20కి ఆ నిష్పత్తి 13.5 దగ్గరికి వస్తుంది. మరి 2014 బండి ఈసీఎంలో లెక్క అప్పటి పెట్రోల్‌కి రాసి పెట్టింది, అదే గాలికి ఇప్పుడు కొంచెం ఎక్కువ ఇంధనం పోయాలి. అప్పట్లో లెక్క ఏ పెట్రోల్‌కి కట్టారన్నదాన్ని బట్టి ట్రిమ్ నాలుగు నుంచి ఎనిమిది శాతం దాకా ప్లస్ వైపు జరుగుతుంది. ఇది జబ్బు కాదు, ఈసీఎం తన పని తాను చేసుకుంటోంది అంతే. కానీ ఇంతకుముందు సున్నా దగ్గర మొదలై 15 దాకా వెళ్లినా కోడ్ పడని బండి, ఇప్పుడు ఆరు దగ్గర మొదలై హద్దు దాటేస్తుంది. అందుకే పాత బండ్లలో ఇన్నాళ్లూ దాక్కున్న చిన్న లోపాలు ఇప్పుడు పి0171గా బయటపడుతున్నాయని నా అభిప్రాయం. నిందంతా పెట్రోల్ మీదే వేసేసి లోపల ఉన్న అసలు లోపం వదిలేయకండి. ఈ20 ఒక్కటే అయితే ఐడిలింగ్‌లోనూ ఘాట్‌లోనూ దాదాపు ఒకే శాతం పెరగాలి, లోడ్‌తో పాటు +25కి ఎక్కదు.

ఇథనాల్ నీళ్లని పీల్చుకుంటుంది కూడా, వాడకుండా నెలల తరబడి నిలబెట్టిన బండి అయితే ట్యాంకు అడుగు కూడా చూడటం మంచిది.

నెల్లూరు_పెట్రోల్:

మంచి విషయాలు తెలిశాయి, మల్టీమీటర్ గారికి ధన్యవాదాలు. ఒక సందేహం, లైటు బ్లింక్ అవడం లేదని శేషాచలం గారు మొదట్లోనే రాశారు కదా, బ్లింక్ అయితే తేడా ఏంటి?

మల్టీమీటర్:

చాలా తేడా అండీ. బ్లింక్ అవుతోందంటే క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగను శుభ్రం చేసే డబ్బా) పాడయ్యేంత మిస్సింగ్ జరుగుతోందని అర్థం. కాలని పెట్రోల్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండితే లోపల తేనెపట్టులా ఉండే ఇటుక కరిగిపోతుంది, అది చాలా ఖరీదైన పార్టు. అప్పుడు యాక్సిలరేటర్ తగ్గించి పక్కకు ఆపాలి, పి0300 అయితే ఏ సిలిండరో ఖాయంగా తెలియదని, పి0301, పి0302 అలా అయితే ఆ నంబరు సిలిండర్ అని. కాయిల్‌ని (ప్లగ్‌కి కరెంటు ఇచ్చేది) పక్క సిలిండర్‌తో మార్చి చూస్తే, కోడ్ కూడా కాయిల్ వెంటే వెళ్లిందంటే కాయిల్ పోయినట్టు, ఉన్నచోటే ఉండిపోతే ప్లగ్, ఇంజెక్టర్, కంప్రెషన్ చూడాలి. లైటు నిలకడగా వెలుగుతుంటే నడుపుకుంటూ ఇంటికి రావచ్చు, కానీ నెలల తరబడి లీన్‌గా లోడ్ మీద నడపడం కూడా మంచిది కాదు, ఇంజిన్‌లో వేడి పెరుగుతుంది.

శేషాచలం_డ్రైవర్:

అన్నా, పని అయింది, మిగతావాళ్లకు ఉపయోగపడుతుందని మొత్తం రాస్తున్నాను.

రేణిగుంట రోడ్డు వైపు గేజ్ ఉన్న ఒక పెద్దాయన దొరికాడు. మాన్యువల్ ప్రకారం 3.5 బార్ ఉండాలి. ఐడిలింగ్‌లో 3.3 వచ్చింది, ఆయన కూడా మొదట ఫర్వాలేదు అన్నాడు. మీరు చెప్పినట్టు గేజ్ కట్టి బైపాస్ మీద థర్డ్ గేరులో లాగించమంటే 2.4కి పడిపోయింది. వెంటనే పంపు మార్చాలి అన్నాడు, ముందు వోల్టేజ్ చూద్దాం బాబాయ్ అని బతిమాలితే సరే అని వెనక సీటు లేపాడు.

బ్యాటరీ దగ్గర 14.1 వోల్టులు. పంపు కప్లర్ దగ్గర, ఇంజిన్ నడుస్తుండగానే, 9.2. ఆయనే ఆశ్చర్యపోయాడు. తర్వాత ఒక వైరు బ్యాటరీ నెగటివ్‌కి, ఇంకోటి పంపు ఎర్త్ పిన్నుకి పెట్టి చూస్తే 4.2 వోల్టులు కనిపించింది, అక్కడ సున్నాకి దగ్గరగా ఉండాలంట. ప్లస్ వైపు చూస్తే పోయింది 0.7 మాత్రమే. ఎర్త్ వైరు వెంట వెళ్తే కార్పెట్ కింద బాడీకి బిగించిన బోల్టు దగ్గర రింగ్ టెర్మినల్ పచ్చగా తుప్పు పట్టి ఉంది, దాని పక్కన వైరు తొడుగు వేడికి గోధుమరంగులోకి మారింది, కార్పెట్ కింద తడి కూడా ఉంది. వెనక డోర్ రబ్బరు లోంచి వాన నీళ్లు దిగుతున్నాయి.

బోల్టు చోటు మెరిసేదాకా గీకి, కొత్త రింగ్ వేసి, గ్రీజు పూసి బిగించాడు. పంపు దగ్గర ఇప్పుడు 13.2. లోడ్ మీద ప్రెజర్ 3.4. పంపు మార్చలేదు, సెన్సర్ మార్చలేదు, అన్నీ కలిపి లేబర్ ఎనిమిది వందలు తీసుకున్నాడు.

ఇప్పుడు కోడ్ డిలీట్ చేశాను. నిన్న మళ్లీ ఇంట్లో అందరం ఏసీ వేసుకునే కొండకు వెళ్లాం, ట్రిమ్ ఐడిలింగ్‌లో +6, ఘాట్‌లో +7, సెకండ్ గేరులో హాయిగా ఎక్కింది. ఆ మిగిలిన ఆరు వరంగల్_టెక్ గారు చెప్పిన ఈ20 వల్లే అనుకుంటున్నాను. ఇంకా చూడాల్సింది ఏమైనా ఉందా అన్నా?

మల్టీమీటర్:

చాలా సంతోషం తమ్ముడూ. నీ అంకెలన్నీ ఒకదానితో ఒకటి సరిపోయాయి: ఇంజెక్టర్‌లోంచి వచ్చే పెట్రోల్ ప్రెజర్ వర్గమూలాన్ని బట్టి మారుతుంది, 3.5 ఉండాల్సిన చోట 2.4 ఉంటే ఘాట్‌లో ఒక ఇరవై శాతం ఎక్కువసేపు ఇంజెక్టర్ తెరవాలి, దానికి ఈ20 ఆరు కలిపితే నువ్వు చూసిన +26 వస్తుంది. అంటే ఇంకో లోపం దాక్కుని లేదు.

ప్లస్ వైపు పోతున్న 0.7 కొంచెం ఎక్కువే, అర వోల్టు లోపల ఉంటే మంచిది. వీలు చూసుకుని పంపు రిలే కాళ్లు, ఫ్యూజ్ కాళ్లు శుభ్రం చేయించు. తడిసిన కార్పెట్ తీసి ఎండలో ఆరబెట్టి, ఆ డోర్ రబ్బరు వానాకాలం రాకముందే మార్పించు, లేకపోతే కొత్త రింగ్ కూడా అలాగే అయిపోతుంది. వేడికి రంగు మారిన వైరు ముక్కని కోసి కొత్తది అతికించారో లేదో అడుగు, పైన టేపు చుట్టి వదిలేసి ఉంటే మళ్లీ చేయించు. తక్కువ వోల్టేజ్ మీద చాన్నాళ్లు నడిచింది కాబట్టి పంపు మీద కూడా ఒక కన్నేసి ఉంచు, ట్యాంకు రిజర్వ్‌లోకి పోనివ్వకు, పంపుని చల్లబరిచేది ఆ పెట్రోలే. వారం ఆగి స్కానర్‌లో పెండింగ్ కోడ్స్ అని ఉంటుంది, అక్కడ ఒకసారి చూడు, లోపం ఇంకా ఉంటే లైటు వెలగకముందే పి0171 అక్కడ కనిపిస్తుంది. ఖాళీగా ఉండి, మానిటర్లన్నీ రెడీ అయితే స్కానర్ తీసి డాష్‌బోర్డ్ అరలో పెట్టేసుకో.